స్పీడ్ టెస్టులో 280 వస్తోంది, టీవీలో బొమ్మ మాత్రం రాత్రికి మసకబారుతోంది

వెన్నెలతెర · సోమవారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇంటర్నెట్ ప్లాన్‌ను 50 ఎంబీపీఎస్ నుంచి 300కు మార్చి మూడు వారాలయింది. మార్చడానికి కారణం ఒక్కటే, టీవీలో బొమ్మ. నాన్నగారికి వినికిడి బాగా తగ్గింది. మాటలు సగం వింటారు, మిగతా సగం పెదవుల కదలిక చూసి పోల్చుకుంటారు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక బొమ్మ ఉన్నట్టుండి మెత్తబడిపోతుంది. ముఖాలు మైనం పూసినట్టు కనిపిస్తాయి, నోరు కదులుతోందో లేదో తెలియదు. పది పదిహేను నిమిషాలకు బాగవుతుంది, కాసేపటికి మళ్లీ మొదలు. ఆయన ఏమీ అనరు. రిమోట్ పక్కన పెట్టి లేచి వెళ్లిపోతారు. అది చూడలేకపోతున్నాను.

రూటర్ పక్కన నిలబడి ఫోనులో స్పీడ్ టెస్ట్ చేస్తే 280 వస్తోంది. ప్లాన్ ఆరింతలు చేసినా రాత్రి బొమ్మలో మార్పు లేదు. వీడియో ఎక్కడా ఆగదు, శబ్దం చెడదు, మసకబారడం ఒక్కటే. ఇంకొకటి కూడా గమనించాను. ముఖాలు మసకగా ఉన్నప్పుడు కూడా కింద వచ్చే సబ్‌టైటిల్ అక్షరాలు గీసినట్టు స్పష్టంగా ఉంటాయి. లోపం టీవీదా, నెట్‌దా? టీవీ కొని ఆరేళ్లయింది. వైఫై మీద నడుస్తుంది.

నిప్పుకణిక · సోమవారం, రాత్రి 10:31

రాత్రి ఎనిమిదిన్నర అన్నారంటేనే తెలుస్తోంది. ఆ వేళకు వీధి వీధంతా వీడియోలు చూస్తుంది. ఒకే లైనును పదుల ఇళ్లకు పంచి, అందరికీ 300 అని అమ్ముతారు. మా ఇంట్లో ఏడాదిపాటు ఇదే బాధ పడ్డాను. ప్లాన్ పెంచితే బాగవుతుందని మాకూ చెప్పారు, పెంచాం, డబ్బు పోయింది. వెంటనే ఫిర్యాదు పెట్టండి, ఊరుకోకండి.

చుక్కలలెక్క · సోమవారం, రాత్రి 10:58

వెన్నెలతెర గారూ, ఆ సబ్‌టైటిళ్ల సంగతి రాసి చాలా మేలు చేశారు. సగం జవాబు అందులోనే ఉంది.

సబ్‌టైటిల్ సాధారణంగా వీడియోలో భాగంగా రాదు. విడిగా, మామూలు అక్షరాలుగా వస్తుంది. దాన్ని టీవీ తన తెర మీద తానే గీస్తుంది. అక్షరాలు పదునుగా ఉన్నాయంటే తెర బాగానే ఉంది. వెనక ముఖాలు మసకబారాయంటే టీవీకి అందుతున్న వీడియోయే చిన్నది, దాన్ని సాగదీసి చూపిస్తోంది. కాబట్టి టీవీ మార్చే ఆలోచన ఉంటే మానుకోండి.

చిన్న వీడియో ఎందుకు అందుతోంది? సర్వర్‌లో ఒకే సినిమాకు చాలా ప్రతులు ఉంటాయి, 240పి నుంచి 4కె దాకా మెట్లు మెట్లుగా. ఒక్కో ప్రతినీ కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి ఉంచుతారు. మీ టీవీలోని యాప్ ఒక ముక్క దించుకుంటుంది, ఎంతసేపు పట్టిందో చూసుకుంటుంది, దాన్నిబట్టి తర్వాతి ముక్క ఏ మెట్టు నుంచి తీసుకోవాలో నిర్ణయిస్తుంది. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో ప్రమాణంగా వెలువడిన డ్యాష్ అనే రెండు పద్ధతులూ ఇలాగే పనిచేస్తాయి. అంతకు ముందు నెట్ తగ్గితే చక్రం తిరుగుతూ వీడియో ఆగిపోయేది. ఇప్పుడు ఆగదు, మెట్టు దిగుతుంది. అందుకని వీడియో ఆగడం లేదు కాబట్టి నెట్ బాగుందనుకోవడానికి లేదు. శబ్దానికి కావలసింది చాలా తక్కువ, అందుకే అది చెక్కుచెదరదు.

ఇక అంకెలు. నెట్‌ఫ్లిక్స్ 1080పికి 5 ఎంబీపీఎస్, 4కెకు 15 ఉండాలని చెబుతుంది. యూట్యూబ్ 4కెకు 20 అంటుంది. రూటర్ దగ్గర 280 ఉన్న ఇంట్లో 5 కూడా దొరకడం లేదంటే ఆ 280 టీవీ దాకా చేరడం లేదన్నమాట. ఫోనులో కాదు, టీవీలోనే, అదీ బొమ్మ మసకబారిన ఆ నిమిషంలోనే కొలవండి. టీవీలో బ్రౌజర్ ఉంటే ఫాస్ట్.కామ్ తెరవండి. అది నెట్‌ఫ్లిక్స్ వాళ్లదే, వీడియోలు వచ్చే సర్వర్ల నుంచే కొలుస్తుంది.

వరుసక్రమం · సోమవారం, రాత్రి 11:20

పై మాటతో ఏకీభవిస్తున్నాను. నిప్పుకణిక గారూ, మీ అనుభవం నిజమే కావచ్చు, కానీ ఇంటి లోపల చూడకుండా బయటివాళ్ల మీద ఫిర్యాదు పెడితే వాళ్లు వచ్చి రూటర్ దగ్గర కొలిచి 280 చూపించి వెళ్లిపోతారు.

వెన్నెలతెర గారూ, నాకు మూడు సంగతులు కావాలి. రూటర్‌కూ టీవీకీ మధ్య ఎన్ని గోడలున్నాయి? టీవీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉందా, 5 మీదా? ఆ వేళకు ఇంట్లో ఇంకెవరెవరు నెట్ వాడుతున్నారు? మూడోదానికి తొందరపడి జవాబివ్వకండి, ఇంట్లో అందరినీ అడిగి చెప్పండి.

వెన్నెలతెర · మంగళవారం, రాత్రి 9:12

టీవీలోనే కొలిచాను. పొద్దున 38 వచ్చింది. ఇప్పుడు, రాత్రి 8:50కి, బొమ్మ మెత్తబడగానే కొలిస్తే 3.4! అదే నిమిషంలో రూటర్ పక్కన ఫోనులో 190 చూపించింది.

రూటర్ ముందుగదిలో ఇనుప బీరువా మీద ఉంది. మధ్యలో రెండు గోడలు. టీవీ 2.4 మీదే ఉంది, దానికి 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపించడమే లేదు. ఆ వేళకు నాన్నగారు తప్ప ఎవరూ వీడియోలు చూడరు. నేను వంటింట్లో ఉంటాను, తమ్ముడు పని నుంచి వచ్చి ఫోను ఛార్జింగ్‌కు పెట్టి స్నానానికి వెళ్తాడు.

గోడవెనక · మంగళవారం, రాత్రి 9:40

ఇనుప బీరువా మీదా! ముందు దాన్ని అక్కడి నుంచి తీసేయండి. ఇనుము రేడియో తరంగాలను వెనక్కి కొడుతుంది. పెద్ద అద్దమూ అంతే, దాని వెనక ఉండేదీ లోహపు పూతే.

2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, గోడలు కొంత దాటుతుంది, కానీ ఇరుకు. అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగిన ఛానళ్లు 1, 6, 11, మూడే. ఇరుగుపొరుగు రూటర్లన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. బ్లూటూత్ కూడా అక్కడే. వంటింటి మైక్రోవేవ్ 2.45 దగ్గర నడుస్తుంది, తలుపు అంచుల నుంచి కారే కొద్దిపాటి తరంగాలే పక్కనున్న వైఫైని కుదిపేస్తాయి. పైగా వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు వంతు కోసం ఆగాలి. 5 గిగాహెర్ట్జ్ విశాలంగా ఉంటుంది కానీ గోడలకు త్వరగా నీరసిస్తుంది.

నా సలహా ఒక్కటే, తీగ లాగండి. ఫోను చేతిలో తిరుగుతుంది కాబట్టి దానికి వైఫై కావాలి. టీవీ గోడకు బిగించి ఉంటుంది, దానికి ఎందుకు?

కొత్తచందా · బుధవారం, ఉదయం 7:55

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నాది 4కె చందా, నెట్ 200. లాప్‌టాప్ బ్రౌజర్‌లో చూస్తే 720పికి మించి రావడం లేదు. ఇదీ వైఫై వల్లేనా?

చుక్కలలెక్క · బుధవారం, ఉదయం 8:30

కాదు, మీ నెట్‌తో దానికి సంబంధం లేదు. కాపీ చేయకుండా వీడియోకు తాళం వేసి పంపుతారు. ఆ తాళం తీసే ఏర్పాటు పరికరంలో ఎంత గట్టిగా ఉందో చూసి, దానికి తగిన మెట్టు వరకే ఇస్తారు. కొన్ని బ్రౌజర్లకు 720పి దగ్గరే హద్దు పెడతారు. అదే లాప్‌టాప్‌లో బ్రౌజర్ మార్చి లేదా వాళ్ల సొంత యాప్ పెట్టి చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇదే కథ, వైడ్‌వైన్ అనే తాళంలో గట్టి రకమైన ఎల్1 ఉంటే హెచ్‌డీ, బలహీనమైన ఎల్3 మాత్రమే ఉంటే సాధారణంగా 480పితో సరి. బయటి మానిటర్‌కు 4కె పంపాలంటే మధ్యలో ఉన్న ప్రతి పరికరమూ హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణను ఒప్పుకోవాలి. ఇంతకన్నా వివరం కావాలంటే విడిగా చర్చ మొదలుపెట్టండి, అక్కడ రాస్తాను.

వెన్నెలతెర · బుధవారం, రాత్రి 9:30

తమ్ముడు మధ్యాహ్నం సెలవు పెట్టి గోడ అంచు వెంట 20 మీటర్ల కేబుల్ వేశాడు. రూటర్‌ను బీరువా మీది నుంచి తీసి చెక్క బల్ల మీద పెట్టాం. పగలు టీవీలో ఎన్నిసార్లు కొలిచినా 94. కేబుల్ పెట్టినా 300 రాదేమిటి?

అసలు బాధ ఏమిటంటే, 8:40కి మళ్లీ మసకబారింది. నిన్నటి కన్నా తక్కువసేపే, కానీ మసకబారింది. నాన్నగారు తమ్ముడు పడ్డ శ్రమ చూశారు కదా, అందుకని ఈసారి లేచి వెళ్లలేదు. బాగుంది, బాగుంది అన్నారు. బాగాలేదని ఆయన కళ్లు చికిలించడంలోనే తెలిసింది.

వరుసక్రమం · బుధవారం, రాత్రి 9:48

ముందు 94 సంగతి. చాలా టీవీల్లో నెట్‌వర్క్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది. డేటా చిన్న చిన్న పొట్లాలుగా వెళ్తుంది, ప్రతి పొట్లం మీదా చిరునామాలు, కొలతలు రాయాలి కదా, ఆ రాతకోతలకు అయిదారు పోతాయి. కాబట్టి 94 అంటే పోర్టు పూర్తి సామర్థ్యంతో నడుస్తోందని అర్థం. 4కెకు 15 చాలినప్పుడు అది సరిపోక పోదు. దాన్ని మరచిపోండి.

పగలు గట్టిగా 94 ఇచ్చే తీగ రాత్రి 8:40కి బలహీనపడదు. వైఫై మీద మనకున్న అనుమానం సగం నిజమే, అందుకే కొంత మెరుగయింది. రెండో కారణం ఇంకా మిగిలే ఉంది.

రేపు ఒక పని చేయండి. ఎనిమిదింటికి కంప్యూటర్‌లో పింగ్ మొదలుపెట్టి వదిలేయండి. ఒక చిన్న పొట్లం బయటికి వెళ్లి తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో అది సెకనుకోసారి చెబుతుంది. బొమ్మ మెత్తబడిన క్షణంలో ఆ అంకె ఎంతుందో రాసుకోండి. ఇంకా ముఖ్యం, స్పీడ్ టెస్టులో అప్‌లోడ్ అంకె ఎంతో చెప్పండి. మీరు ఇంతవరకూ డౌన్‌లోడ్ ఒక్కటే చెప్పారు.

గోడవెనక · బుధవారం, రాత్రి 10:20

94 అనగానే గుర్తొచ్చింది. టీవీ విషయంలో అది సహజమే, కానీ కంప్యూటర్‌లో 94 దగ్గర ఆగితే మాత్రం అనుమానించండి. నాది గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టు, గిగాబిట్ రూటర్, అయినా 94 దాటేది కాదు. రెండు నెలలు రూటర్‌ను అనుమానించాను. చివరికి కేబుల్ కొన వెలుతురుకు పెట్టి చూస్తే, పారదర్శకంగా ఉన్న ఆ బిగింపు ముక్కలో ఏడు తీగలు చివరిదాకా వెళ్లి ఇత్తడి పళ్లకు ఆనుకున్నాయి. గోధుమరంగు తీగ ఒక్కటి రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోయింది.

ఆ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. 100కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. ఒక్క తీగ అందకపోయినా రెండు కొసలూ మాట్లాడుకుని నిశ్శబ్దంగా 100కు దిగిపోతాయి. ఎర్ర దీపం వెలగదు, హెచ్చరిక రాదు. కొన కత్తిరించి కొత్తది బిగించగానే 900 దాటింది. కేబుల్ కొన్నవాళ్లందరూ ఆ కొనను ఒకసారి కంటికి దగ్గరగా పెట్టుకుని చూడండి.

నిప్పుకణిక · గురువారం, ఉదయం 6:40

నాదీ ఒక సందేహం. నాకిప్పుడు 1080పి అని తెర మీద స్పష్టంగా చూపిస్తుంది, నెట్ కూడా నిలకడగా ఉంది. అయినా చీకటి సన్నివేశాల్లో గోడల మీద పట్టీలు పట్టీలుగా, గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. 1080పి అని రాసి తక్కువది పంపుతున్నారా?

చుక్కలలెక్క · గురువారం, ఉదయం 9:15

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. పదేళ్లుగా వీడియో ఎడిటింగే నా పని, రోజూ ఈ చుక్కలతోనే కుస్తీ.

1080పి అంటే చుక్కల సంఖ్య. 1920 అడ్డంగా, 1080 నిలువుగా, దాదాపు 20 లక్షల 70 వేలు. ఒక్కో చుక్కకు ఎంత సమాచారం ఖర్చు పెట్టారో అది చెప్పదు. దాన్ని చెప్పేది బిట్‌రేటు. సెకనుకు 24 చిత్రాల 1080పి వీడియోను ఏమీ కుదించకుండా పంపాలంటే, రంగుల సమాచారాన్ని మామూలుగా తగ్గించేంత తగ్గించాక కూడా, సెకనుకు 59 కోట్ల 70 లక్షల బిట్లు కావాలి, అంటే 597 ఎంబీపీఎస్. మీ ఇంటికి వచ్చేది 5. నూటఇరవై పాళ్లలో ఒక పాలు! మిగిలిన 119 పాళ్లు ఎక్కడికి పోయాయి? కదలని గోడను ప్రతి చిత్రంలోనూ మళ్లీ పంపరు, కిందటి చిత్రంలో ఉన్నదే వాడుకో అంటారు. కదిలే ముఖానికి, ఇది రెండు చుక్కలు పక్కకు జరిగింది అని మాత్రమే చెబుతారు. కంటికి అంతగా ఆనని తేడాలను చెరిపేస్తారు.

ఈ చెరిపివేతలో మొదట నష్టపోయేది చీకటి. నలుపుకూ ముదురు బూడిదకూ మధ్య సన్నని తేడాలను యంత్రం ఒకే రంగుగా లెక్కగట్టేస్తుంది. మీరు చూసే పట్టీలు అవే. వర్షం, పొగ, అలలు, ఎగిరే ఆకులు కూడా కష్టమే. అక్కడ కిందటి చిత్రం నుంచి తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు, ప్రతి చుక్కా కొత్తదే.

2020 మార్చిలో జనమంతా ఇళ్లలో ఉన్నప్పుడు ఐరోపా సమాఖ్య కోరడంతో నెట్‌ఫ్లిక్స్ అక్కడ 30 రోజులపాటు తన ట్రాఫిక్‌ను 25 శాతం తగ్గిస్తానంది. ఎలా తగ్గించింది? హెచ్‌డీ చందాదారుకు హెచ్‌డీయే, 4కె చందాదారుకు 4కెనే ఇస్తూ బిట్‌రేటు కోసింది. మెట్టు పేరు అదే, లోపలి సరుకు తక్కువ.

కుదించే పద్ధతి మారినా లెక్క మారుతుంది. హెచ్.264 ప్రమాణం 2003 నాటిది. తర్వాత 2013లో హెచ్‌ఈవీసీ, 2018లో ఏవీ1 వచ్చాయి. కొత్తవి అదే బొమ్మను తక్కువ బిట్లలో పట్టిస్తాయి, కానీ వాటిని విప్పే చిప్ టీవీలో ఉండాలి. డిస్కు మీద సినిమా చూసి, అదే సినిమా నెట్‌లో చూసినవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. మామూలు బ్లూ-రే డిస్కులో వీడియోకు 40 ఎంబీపీఎస్ దాకా చోటుంటుంది, నెట్‌లో 4కె కూడా సాధారణంగా అంత తీసుకోదు.

కాబట్టి మిమ్మల్ని ఎవరూ మోసం చేయడం లేదు, కానీ 1080పి అన్న అక్షరాలు చూసి అంతా వచ్చేసిందనుకోకండి.

వెన్నెలతెర · గురువారం, రాత్రి 9:25

దొరికింది! చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే మన్నించండి.

ఎనిమిదింటి నుంచి పింగ్ చూస్తూ కూర్చున్నాను. 9, 9, 10, 9. అలాగే నలభై నిమిషాలు. 8:41కి తమ్ముడు వచ్చి ఫోను ఛార్జింగ్‌కు పెట్టి లోపలికి వెళ్లాడు. ఒక నిమిషం గడిచిందో లేదో 9 కాస్తా 85 అయింది, తర్వాత 310, ఆ తర్వాత 640. నాన్నగారి తెర మీద ముఖం కరిగిపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. పరుగున వెళ్లి ఫోను వైఫై ఆపేశాను. రెండు మూడు సెకన్లలో మళ్లీ 9. అర నిమిషంలో ముఖం తిరిగి వచ్చింది. మళ్లీ వైఫై ఆన్ చేశాను, 600. ఆపాను, 9. ఇలా నాలుగుసార్లు చేశాను.

తమ్ముడి పని వీడియోలు తీయడం. రోజూ తీసినవన్నీ ఛార్జింగ్‌కు పెట్టగానే వైఫై మీద బ్యాకప్‌కు వెళ్తాయట. ఆ సంగతి వాడికే గుర్తులేదు. మా ప్లాన్‌లో అప్‌లోడ్ 30 మాత్రమే అని ఇప్పుడే చూశాను. కానీ ఒకటి అర్థం కావడం లేదు. వాడి వీడియోలు పైకి వెళ్తున్నాయి, నాన్నగారివి కిందికి వస్తున్నాయి. దారులు వేరు కదా, ఒకటి ఇంకొకదాన్ని ఎలా అడ్డుకుంటుంది?

వరుసక్రమం · గురువారం, రాత్రి 10:05

ఎంత చక్కగా పరీక్షించారు! నాలుగుసార్లు ఆపి, నాలుగుసార్లు పెట్టి చూశారు చూడండి, దానికి నిజంగా సంతోషించాను.

దారులు వేరే, కానీ కిందికి వచ్చే ప్రతి విడతకూ అందింది అన్న కబురు పైకి వెళ్లాలి. ఆ కబురు చాలా చిన్నది. అయితే అది తమ్ముడి వీడియోల వెనక వరుసలో నిలబడాలి. రూటర్‌లో పంపాల్సిన పొట్లాలు ఆగే చోటు ఉంటుంది, బఫర్ అంటాం. మెమరీ చవకైంది కాబట్టి తయారీదారులు దాన్ని పెద్దగా పెట్టేశారు. ఫోను పంపే తీరు ఏమిటంటే, పొట్లాలు పోనంతవరకూ వేగం పెంచుతూనే ఉంటుంది. బఫర్ పెద్దది కాబట్టి ఏదీ పోదు, వరుస మాత్రం పెరుగుతూ పోతుంది. మీరు చూసిన 640 మిల్లీసెకన్లలో దాదాపు అంతా ఆ వరుసలో నిలబడిన సమయమే.

ఇప్పుడు టీవీ వైపు లెక్క చూడండి. ఒకసారికి ఇంత మాత్రమే పంపు, అందిందని చెప్పాక మిగతాది పంపు అని టీవీ చెబుతుంది. పాత టీవీల్లో ఆ చోటు చిన్నది. ఉదాహరణకు 256 కిలోబైట్లు అనుకుందాం, అంటే దాదాపు 21 లక్షల బిట్లు. కబురు 20 మిల్లీసెకన్లలో తిరిగొస్తే సెకనుకు 50 విడతలు, 105 ఎంబీపీఎస్. కబురు 600 మిల్లీసెకన్లు పడితే సెకనుకు రెండు విడతలైనా పూర్తికావు, 3.5 ఎంబీపీఎస్. మీరు మంగళవారం టీవీలో 3.4 చూశారు. వైఫై పాత్ర కూడా అందులో కొంత ఉండవచ్చు, కానీ ఆ అంకె చూసినప్పటి నుంచే నాకు ఈ అనుమానం. ఫోను టెస్టులో 190 ఎలా వచ్చిందంటారా, స్పీడ్ టెస్టు ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి లాగుతుంది, ఫోను కూడా ఒక్కో విడతకు ఎక్కువ తీసుకుంటుంది. టీవీ యాప్‌కు ఆ వెసులుబాటు లేదు. ప్లాన్ 300 కాదు, 1000 చేసినా ఈ వరుస తగ్గేది కాదు, అప్‌లోడ్ అదే ఉంటే.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజినీరు తన ఇంట్లోనే దీన్ని పట్టుకుని లోకానికి చెప్పారు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ కోడెల్ అనే పద్ధతి ఇచ్చారు. పొట్లం వరుసలో ఎంతసేపు నిలబడిందో చూసి, ఎక్కువైతే ఒకదాన్ని కావాలని వదిలేస్తుంది, దాంతో పంపేవాడు నెమ్మదిస్తాడు. దానికి వేర్వేరు వరుసలు జోడిస్తే ఎఫ్‌క్యూ-కోడెల్. అందులో తమ్ముడి వీడియోలకు ఒక వరుస, మీ నాన్నగారి కబుర్లకు ఇంకొకటి, వంతులవారీగా వెళ్తాయి.

మీరు చేయాల్సింది: రూటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎమ్ (ఇలా వరుసను అదుపులో పెట్టే ఏర్పాటు) ఉందేమో చూడండి, ఉంటే అప్‌లోడ్‌ను 30కి కాస్త లోపు, 26 లేదా 27 దగ్గర కట్టేయండి. అప్పుడు వరుస మీ రూటర్ చేతిలోనే ఉంటుంది. లేకపోతే బ్యాకప్‌ను తెల్లవారుజాముకు మార్చండి.

నిప్పుకణిక · శుక్రవారం, రాత్రి 9:50

ఇది చదివి నేనూ పరీక్షించాను. ఇంట్లో అన్ని పరికరాలూ ఆపి, ఒక్క కంప్యూటర్‌ను కేబుల్‌తో పెట్టి రాత్రి తొమ్మిదికి కొలిచాను. రూటర్ దాకా పింగ్ 1, దాన్ని దాటి బయటికి వెళ్లగానే 140. డౌన్‌లోడ్ 11. పొద్దున ఆరింటికి అదే తీగ మీద 196. మొదట నెట్ నిలకడగా ఉందన్నాను, కానీ అది నేను చూసే పగటి వేళ మాట. వెన్నెలతెర గారి విషయంలో నేను తొందరపడ్డాను, కానీ నా విషయంలో లోపం బయటే ఉంది.

తీగలపని · శనివారం, ఉదయం 7:10

ఫైబర్ లైన్లు వేసి, మరమ్మతు చేసే పనిలో ఉన్నాను. నిప్పుకణిక గారూ, మీరు కొలిచిన పద్ధతి సరైనది. ఇంట్లో అన్నీ ఆపి, తీగ మీద కొలిచి, రెండు వేళల్లో ఇంత తేడా వస్తే అది మా వైపు పనే.

కాకపోతే మొదట మీరన్న మాట, పదుల ఇళ్లకు పంచడం, దాని గురించి కొంచెం చెప్పాలి. ఇళ్లకు వచ్చే జీపాన్ అనే రకం ఫైబర్ లైనులో ఒక ఫైబర్ మీద కిందికి సెకనుకు 2.5 గిగాబిట్లు, అంటే దాదాపు 2500 ఎంబీపీఎస్ వస్తాయి, దాన్ని 32 లేదా 64 ఇళ్లకు చీలుస్తారు. 64 ఇళ్లూ ఒకేసారి 4కె చూసినా 15 చొప్పున 960 ఎంబీపీఎస్, సగం కూడా నిండదు. కాబట్టి వీడియోల వల్ల ఇరుకు సాధారణంగా ఆ చీలిక దగ్గర రాదు. అక్కడి నుంచి పైకి, సంస్థ తన వీధులన్నిటినీ కలిపి బయటి ప్రపంచానికి జోడించే చోట వస్తుంది. అక్కడ సామర్థ్యం పెంచకుండా చందాదారులను చేర్చుకుంటూ పోతే రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా మీ గతే. పెద్ద వీడియో సంస్థలు తమ సర్వర్లను ఇంటర్నెట్ సంస్థల భవనాల్లోనే పెట్టడానికి ఇస్తాయి, నెట్‌ఫ్లిక్స్ దాన్ని ఓపెన్ కనెక్ట్ అంటుంది. అది దగ్గర్లో ఉన్నచోట అందులోని సినిమాలు హాయిగా ఆడతాయి, మిగతా నెట్ ఈడుస్తుంది. అలా ఉందేమో కూడా చూడండి.

ఫిర్యాదులో నెట్ స్లో అని రాయకండి. వారం రోజులు, రోజుకు మూడు వేళలు, తీగ మీద కొలిచిన అంకెలు పట్టికగా ఇవ్వండి. అలా రాసిచ్చిన చందాదారును ఎవరూ రూటర్ ఆపి మళ్లీ పెట్టమని పంపించేయలేరు. రూటర్ పేజీలో కాంతి బలం కూడా ఉంటుంది, మైనస్ 20 డీబీఎమ్ దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి ఇంకా కిందికి పోతే ఎక్కడో ఫైబర్ మడత పడింది లేదా కొన మురికిపట్టింది. బీరువా వెనక నలిగిన తీగలు నేను ఎన్ని చూశానో లెక్కలేదు.

వెన్నెలతెర · ఆదివారం, రాత్రి 10:40

మా రూటర్‌లో ఆ ఎస్‌క్యూఎమ్ లేదు. తమ్ముడు బ్యాకప్‌ను తెల్లవారుజాము మూడుకు మార్చాడు, పగలు అత్యవసరమైతే 10 ఎంబీపీఎస్‌కు మించకుండా పంపే యాప్ పెట్టుకున్నాడు. మూడు రాత్రులుగా పింగ్ 9 దగ్గరే ఉంది. నాన్నగారు శుక్రవారం రెండున్నర గంటల సినిమా లేవకుండా చూశారు. మధ్యలో ఒకచోట నాకన్నా ముందు నవ్వారు.

ఒక చిన్న సందేహం మిగిలింది. ఏ వీడియో పెట్టినా మొదటి అయిదారు సెకన్లు మసకగానే ఉంటుంది, తర్వాత తేటపడుతుంది. ఇదింకా లోపమేనా?

చుక్కలలెక్క · ఆదివారం, రాత్రి 10:52

లోపం కాదు. మొదటి ముక్క అడిగేటప్పటికి యాప్‌కు మీ నెట్ వేగం తెలియదు. మిమ్మల్ని నల్ల తెర ముందు కూర్చోబెట్టకుండా కింది మెట్టు నుంచి మొదలుపెడుతుంది. రెండు ముక్కలు అందాక పైకి ఎక్కుతుంది. నెట్ ఎంత బాగున్నా అది ఉంటుంది.

వెన్నెలతెర · ఆదివారం, రాత్రి 11:03

సరే, అలాగైతే ఉండనివ్వండి. వీడియో పెట్టగానే నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. పెట్టుకునేసరికి తేటపడి ఉంటుంది.